లెండా, బారోనా? అప్పు, బదులు, ఉద్దెర మాటల్ని ఇంగ్లీషులో తప్పు పోకుండా చెప్పే పద్ధతి

"సార్, లెండ్ ఎక్కడ వాడాలి, బారో ఎక్కడ వాడాలి?" టెన్త్ పిల్లలు అడుగుతారు, గ్రూప్స్‌కు చదివేవాళ్లు అడుగుతారు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న పాత స్టూడెంట్లు ఫోన్ చేసి మరీ అడుగుతారు. ఒక్కొక్కరికీ చెప్పి నోరు నొచ్చింది. అందుకే వరసగా రాసి పెడుతున్నా.

నేనేమీ పుట్టుకతో పండితుణ్ణి కాదు. డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు, దేవరకొండ దగ్గర మా ఊళ్లో పక్కింటి మామకు బత్తాయి తోట ఉండేది. బోరు మోటారు కాలిపోతే బ్యాంకులో రెండు లక్షలు తెచ్చాడు. ఆ ఏడు కాయ రాలిపోయింది. కిస్తీకి గడువు అడగాలి. "అల్లుడా, జర ఇంగ్లీషుల రాసియ్యి, సారు మంచిగ సూస్తడు" అన్నాడు. నేను ఉత్సాహంగా రాసిచ్చిన మొదటి వాక్యం: "ఐ హ్యావ్ లెంట్ టూ లాక్స్ టు యువర్ బ్యాంక్."

మేనేజరు చదివి, మామను పైనుంచి కిందికి చూసి, "అయితే మేమే నీకు కట్టాలె గదా పెద్దాయనా?" అన్నాడట. మామ ఇంటికొచ్చి నన్నేమీ అనలేదు. "ఏందో గాని బాగ నవ్విండ్రురా" అన్నాడు, అంతే. గడువైతే ఇచ్చారు. నాకు మాత్రం ఆ లెంట్ అన్న ముక్క ఇప్పటికీ గొంతులో ముల్లే. ఆ దరఖాస్తును చివర్లో సరిచేసి ఇస్తాను.

## 1. ముందు తెలుగు మాటల్ని వేరు చేసుకోండి

తప్పు ఇంగ్లీషులో మొదలు కాదు, మన మనసులోనే మొదలవుతుంది. మన దిక్కు ఇచ్చిపుచ్చుకునే మాటలు చాలా ఉన్నాయి. అన్నిటినీ పట్టుకెళ్లి బారోలో వేయకూడదు. వాక్యం రాయడానికి ముందే మీరు చెప్పదలచుకున్నది ఇందులో ఏదో తేల్చుకోండి.

- బదులు, చేబదులు: మిత్తి (వడ్డీ) లేదు, కాయితం లేదు. నాలుగు రోజుల్లో ఇచ్చేస్తాం. దీనికి లెండ్, బారో.
- అప్పు: మిత్తి ఉంటుంది, నోటు రాస్తారు. దీనికీ లెండ్, బారోలే. అప్పు అనే నామవాచకానికి లోన్.
- ఉద్దెర: దుకాణంలో సరుకు ఇప్పుడు తెచ్చి, పైసలు తర్వాత ఇవ్వడం. ఇది బారో కాదు. "బై ఆన్ క్రెడిట్" అనాలి.
- కిరాయి: పైసలు కట్టి వాడుకోవడం. రెంట్ లేదా హైర్.
- కౌలు: భూమికి. లీజ్.
- కుదువ: బంగారం పెడితే పాన్ లేదా ప్లెడ్జ్, భూమి, ఇల్లు పెడితే మార్ట్‌గేజ్.

వీటిలో అందరూ పడిపోయేది ఉద్దెర దగ్గరే. "కిరాణం షాపులో బియ్యం ఉద్దెరకు తెచ్చిన" అన్నదాన్ని "ఐ బారోడ్ రైస్ ఫ్రమ్ ద షాప్" అని రాస్తారు. వినేవాళ్లకు ఎలా వినిపిస్తుందంటే, ఈయన షాపువాడి బియ్యం తీసుకెళ్లాడు, మళ్లీ బియ్యమే తెచ్చిస్తాడు అన్నట్టు. మీరు బియ్యం కొన్నారు. డబ్బు ఒక్కటే బాకీ. కాబట్టి "ఐ బాట్ రైస్ ఆన్ క్రెడిట్."

కిరాయి దగ్గర రెండో గుంట. మిర్యాలగూడ వైపు వరికోత మిషన్‌ను గంటకు ఇంత అని మాట్లాడుకుని తెస్తారు. "వి బారోడ్ ఎ హార్వెస్టర్" అంటే మిషన్ ఓనరు మీకు చుట్టం, ఊరికే ఇచ్చాడని అర్థం. "వి హైర్డ్ ఎ హార్వెస్టర్" అనాలి. అదే పక్క పొలం ఆయన పైసా తీసుకోకుండా ట్రాక్టరు ఇస్తే, అప్పుడు బారో.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మిత్తి కట్టినా సరే, డబ్బుకు బారో అనే అంటాం. వస్తువుకు మాత్రం వాడినందుకు డబ్బు కడితే బారో పోయి రెంట్, హైర్ వస్తాయి.

సందేహం వస్తే ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి:

- తెచ్చుకున్నది (లేదా అంతే మొత్తం) మళ్లీ వాళ్లకు తిరిగి వెళ్తుందా? వెళ్లకపోతే లెండ్, బారో రెండూ వద్దు.
- వస్తువు వాడినందుకు పైసలు కడుతున్నామా? కడితే రెంట్ లేదా హైర్.
- సరుకు మనదైపోయి, డబ్బు మాత్రమే మిగిలి ఉందా? అయితే ఆన్ క్రెడిట్.

మొదటి ప్రశ్నకు ఒక ఇంటి ఉదాహరణ. పాలు కాచి పెట్టుకుని, తోడుకు పెరుగు లేక పక్కింటికి గిన్నె పట్టుకెళ్తాం. ఆ చెంచాడు పెరుగును ఎవరూ తిరిగివ్వరు, ఇస్తే వాళ్లే ఏమన్నా అనుకుంటారు. కాబట్టి "కెన్ ఐ బారో సమ్ కర్డ్" కాదు, "కుడ్ ఐ హ్యావ్ ఎ లిటిల్ కర్డ్?" అనాలి. అదే రేషన్ వచ్చేదాకా రెండు కిలోల బియ్యం అడిగి, తర్వాత కొలిచి ఇచ్చేస్తే బారో సరిగ్గా సరిపోతుంది. తెచ్చిన గింజలే ఇవ్వాలని లేదు, అంతే ఇస్తే చాలు.

## 2. కర్త చెయ్యి ఎటు తిరిగి ఉందో చూడండి

ఇదే అసలు కిటుకు. మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

తెలుగులో అప్పు అన్న మాట మారదు. పక్కన ఉన్న క్రియ మారుతుంది: అప్పు ఇచ్చాడు, అప్పు తెచ్చాడు. బదులు ఇచ్చింది, బదులు తీసుకుంది. ఎవరు ఇచ్చారో, ఎవరు పుచ్చుకున్నారో ఆ రెండో మాటే చెబుతుంది. ఇంగ్లీషులో ఆ రెండు మాటలూ కలిసిపోయి ఒకే క్రియ అయ్యాయి. లెండ్ అంటే అప్పు+ఇవ్వడం. బారో అంటే అప్పు+తెచ్చుకోవడం. కాబట్టి లెండ్ అంటే అప్పు, బారో అన్నా అప్పే అని బట్టీ పడితే జీవితాంతం తికమకే. నిఘంటువులో చూసి రాసుకునేటప్పుడే ఇవ్వడం, తెచ్చుకోవడం అనే తోకతో సహా రాసుకోండి.

వాక్యం రాసేటప్పుడు వరస ఇది:

1. కర్త ఎవరో గుర్తించండి. వాక్యం ఎవరితో మొదలవుతోంది?
2. వస్తువు ఆ మనిషి చేతిలోంచి పోతోందా, చేతిలోకి వస్తోందా?
3. పోతుంటే లెండ్. వస్తుంటే బారో.

జరిగిన సంగతి ఒక్కటే అయినా కర్త మారితే క్రియ మారుతుంది. అన్న తమ్ముడికి బండి ఇచ్చాడు. అన్నతో మొదలుపెడితే లెంట్, తమ్ముడితో మొదలుపెడితే బారోడ్. బండి ఒకటే, పెట్రోలు ఖర్చూ ఒకటే!

గుర్తుండటానికి రెండు కొక్కేలు ఇస్తాను. లెండ్ అనగానే "తీసుకోండి లెండి" అన్న మాట తలచుకోండి. మనం "తీస్కోండ్రి" అంటాం గానీ, టీవీలో ఆ లెండి వినే ఉంటారు. ఆ మాట ఇచ్చేవాళ్ల నోట్లోంచే వస్తుంది.

బారోకు కొక్కెం మీ రెండో తరగతి లెక్కల్లో ఉంది. 52 లోంచి 27 తీసేయాలి. రెండులోంచి ఏడు పోదు. టీచరు ఏమన్నారు? పక్కింటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకో అన్నారు. ఐదు నాలుగైంది, రెండు పన్నెండైంది, జవాబు 25. ఇంగ్లీషు మీడియంలో దాన్నే బారో అంటారు. ఆ రెండు అనే అంకె తెచ్చుకుంది, ఎవరికీ ఇవ్వలేదు. (తిరిగి ఎప్పుడూ కట్టని అప్పు లోకంలో అదొక్కటే అనుకుంటా.)

## 3. పుట్టుక: పనికొచ్చేంత వరకే

చరిత్ర పాఠం చెప్పను. కానీ ఈ రెండు మాటల వేర్లు చూస్తే అర్థం మళ్లీ తారుమారు కాదు.

లెండ్ పాత ఇంగ్లీషులో లేనన్. చివర డ లేదు. భూతకాలంలో మాత్రం లేండె అనేవారు. అందరి నోళ్లలో నానీ నానీ ఆ భూతకాలపు డ వచ్చి మూలరూపానికే అతుక్కుపోయింది. లోన్ దీని చుట్టమే, స్కాండినేవియా వాళ్ల పాత భాష నార్స్‌లోని లాన్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. ఇంకా కిందికి తవ్వితే, ఇండో యూరోపియన్ భాషలకు ఉమ్మడిగా ఉన్న, విడిచిపెట్టడం అనే అర్థం గల ధాతువు తగులుతుంది. సంస్కృతంలో ఆ ధాతువు నుంచి వచ్చిందే రిక్త. రిక్తహస్తాలతో తిరిగొచ్చాడు అంటాం చూడండి, ఆ రిక్త. లెండ్ చేసినవాడి చెయ్యి రిక్తహస్తం అవుతుంది. అప్పిచ్చి చూసినవాళ్లకు ఇది వేరే వివరించక్కర్లేదు.

బారో పాత ఇంగ్లీషులో బోర్గియన్. అందులోని బోర్గ్ అంటే జామీను, పూచీ. జర్మన్‌లో జామీనుదారును ఇప్పటికీ బ్యుర్గె అంటారు. జామీను ఎవరు చూపాలి? తెచ్చుకునేవాడే. కాబట్టి బారో తెచ్చుకునేవాడి పని.

ఇంకో మాట. జర్మన్‌లో లైహెన్ అనే ఒకే క్రియ ఇవ్వడానికీ పుచ్చుకోవడానికీ రెండింటికీ నడుస్తుంది. కాబట్టి తికమక పడేది మనమే అని సిగ్గుపడనక్కర్లేదు.

## 4. వాక్యం అచ్చులు

లెండ్‌కు రెండు అచ్చులు:

- లెండ్ + మనిషి + వస్తువు: "షి లెంట్ మి హర్ సైకిల్."
- లెండ్ + వస్తువు + టు + మనిషి: "షి లెంట్ హర్ సైకిల్ టు మి."

మనిషి ముందొస్తే టు రాదు. వస్తువు ముందొస్తేనే టు. మనం నాకు అన్నదాంట్లోని కు ను లాక్కొచ్చి "లెండ్ టు మి యువర్ సైకిల్" అంటాం. అక్కడ టు కొట్టేయండి.

బారోకు ఒకటే అచ్చు:

- బారో + వస్తువు + ఫ్రమ్ + మనిషి: "ఐ బారోడ్ ఎ సైకిల్ ఫ్రమ్ హర్."

బారో పక్కన నేరుగా మనిషి రాకూడదు. "హి బారోడ్ మి ఫైవ్ హండ్రెడ్" అన్నది పరీక్షలో సున్నా. ఇంగ్లీషు మాట్లాడే కొన్ని ప్రాంతాల యాసల్లో బారో మి వినిపిస్తుంది గానీ, ప్రామాణికం కాదు. వస్తువు ఎవరిదో హర్, హిజ్ లాంటి మాటతో తెలిసిపోతే ఫ్రమ్ వదిలేయొచ్చు: "ఐ బారోడ్ హర్ సైకిల్."

కాలాల రూపాలు: లెండ్, లెంట్, లెంట్. సెండ్, సెంట్, సెంట్ నడిచినట్టే. స్పెండ్, బెండ్ కూడా ఇదే బాట. లెండెడ్ అన్న మాట లేదు. బారో మాత్రం మామూలుగా ఈడీ చేర్చుకుంటుంది: బారోడ్, బారోడ్. పలికేటప్పుడు బారోవ్డ్ అని వ ను నొక్కి పట్టకండి.

స్పెల్లింగులో రెండు జాగ్రత్తలు. బారోలో బీ తర్వాత ఓ, ఆపై రెండు ఆర్‌లు. ఆ ఓ బదులు యూ రాస్తే అది బరో అవుతుంది, అంటే బొరియ తవ్వడం. ఒక పిల్లవాడి పేపర్లో అన్న స్కూటర్‌ను బొరియ తవ్వినట్టు చదివి నేనే కాసేపు ఆగిపోయాను. లోన్‌లో ఓ పక్కన ఏ ఉండాలి. ఏ తీసేసి చివర ఈ పెడితే ఒంటరి అని అర్థం.

పలకడంలో లెండ్ వేరు, ల్యాండ్ వేరు. "హి ల్యాండెడ్ మి మనీ" అంటే వినేవాడు భూమి సంగతేమో అనుకుంటాడు. నల్లగొండలో రియల్ ఎస్టేట్ మాటలు నడిచే చోట ఇది చిన్న ప్రమాదం కాదు!

## 5. మర్యాదగా అడిగే తీరు

మన నోట సులభంగా వచ్చేది "ప్లీజ్ గివ్ పెన్". పరీక్ష హాల్లో పక్కవాడికి అర్థమవుతుంది, ఇస్తాడు కూడా. కానీ ఇంటర్వ్యూలోనో ఆఫీసులోనో మొరటుగా ఉంటుంది.

అడిగే వాక్యాల్లో చూడాల్సింది ఒకటే. ప్రశ్నలో ఐ ఉందా, యు ఉందా?

- ఐ ఉంటే బారో: "కెన్ ఐ బారో యువర్ పెన్?"
- యు ఉంటే లెండ్: "కుడ్ యు లెండ్ మి యువర్ పెన్?"

రెండింటి అర్థమూ ఒకటే. కలగాపులగం చేస్తేనే కొంప మునిగేది. "కెన్ ఐ లెండ్ యువర్ పెన్" అంటే నీ పెన్ను నేను ఇంకెవరికైనా ఇవ్వనా అని అడిగినట్టు. "కెన్ యు బారో మి యువర్ పెన్" అసలు వాక్యమే కాదు.

కుడ్ అంటే కెన్ కంటే మర్యాద ఎక్కువ. పెద్దవాళ్లతో, కొత్తవాళ్లతో కుడ్ వాడండి. ఇంకా వినయంగా కావాలంటే "వుడ్ యు మైండ్ లెండింగ్ మి యువర్ పెన్?" ఇక్కడ మైండ్ తర్వాత లెండ్‌కు ఐఎన్‌జీ తగలాలి. ఎవరైనా మిమ్మల్ని ఇలా అడిగితే జవాబులో జాగ్రత్త. మైండ్ అంటే అభ్యంతరమా అని. ఇవ్వడం ఇష్టమైతే "నో, నాట్ ఎట్ ఆల్" అనాలి. "ఎస్" అంటే నాకు అభ్యంతరం అని అర్థం. నవ్వుతూ ఎస్ అని పెన్ను చాచేవాళ్లను చూస్తుంటాను, చెయ్యి ఒకటి చెబుతుంది, నోరు ఒకటి చెబుతుంది.

ఎంతసేపటికో కూడా చెబితే ఎదుటివాళ్లకు టెన్షన్ ఉండదు. "ఫర్ టూ డేస్", "అంటిల్ సండే", "జస్ట్ ఫర్ ఎ మినిట్" అని చివర చేర్చండి.

## 6. ఎక్కువగా జరిగే తప్పులు, రిపేర్లు

దగ్గర అన్న మాట. ఇది మన మాటతీరులోంచి వచ్చే తప్పు. మామ దగ్గర తెచ్చిన, మామ తాన తీసుకున్న అంటాం కదా. దాన్ని "ఐ బారోడ్ నియర్ మై అంకుల్" అని మారుస్తారు. నియర్ అంటే మామ పక్కన నిలబడి ఎవరి దగ్గరో తెచ్చుకున్నట్టు! విత్ కూడా కుదరదు. బారో తర్వాత మనిషి ముందు ఫ్రమ్ ఒక్కటే అని గోడ మీద రాసుకోండి.

ఇచ్చాడు అన్న మాట. "అన్న బండిచ్చిండు" అంటే మనకు వాడుకోవడానికి అని తెలుసు, సాయంత్రానికి బండి అన్న ఇంటి ముందే ఉంటుంది. "మై బ్రదర్ గేవ్ మి హిజ్ బైక్" అంటే మాత్రం ఇక అది మీదే అని వినిపించే వీలుంది. కొన్నాళ్లకే అయితే లెంట్ అనండి.

తీసుకున్నా అన్న మాట. "ఐ టుక్ హిజ్ బైక్" అంటే అడగకుండా తీసుకెళ్లినట్టు కూడా ధ్వనిస్తుంది. అడిగి తెచ్చుకుంటే బారోడ్. తేడా చిన్నదే గానీ, పోలీసు స్టేషన్లో చాలా పెద్దది.

సిన్స్ తప్పు. సోమవారం నుంచి ఆ పుస్తకం నా దగ్గరే ఉందని చెప్పాలి. "ఐ బారోడ్ ఇట్ సిన్స్ మండే" అంటే కుదరదు. తెచ్చుకోవడం ఒక్క క్షణంలో అయిపోయే పని, అది సోమవారం నుంచి సాగదు. "ఐ బారోడ్ ఇట్ ఆన్ మండే" అనండి, లేదా "ఐ హ్యావ్ హ్యాడ్ ఇట్ సిన్స్ మండే" అనండి.

కదలని వస్తువులు. "కెన్ ఐ బారో యువర్ బాత్రూమ్?" అని అడిగితే, బాత్రూమ్‌ను ఎత్తుకెళ్తావా అని నవ్వుతారు. అక్కడే వాడి వదిలేసే వాటికి యూజ్. బాత్రూమ్, ఛార్జింగ్ ప్లగ్గు, వైఫై అన్నీ యూజ్ కిందకే వస్తాయి. సెల్‌ఫోన్ రెండు విధాలా నడుస్తుంది.

కర్మణి వాక్యం. "ఐ వాజ్ లెంట్ ఎ సైకిల్" అనొచ్చు, నాకు సైకిల్ ఇచ్చారు అని అర్థం. "ఐ వాజ్ బారోడ్" అంటే నన్నే బదులు తీసుకెళ్లినట్టు.

లోన్‌ను క్రియగా వాడటం. "హి లోన్డ్ మి ఎ బుక్" అని అమెరికాలో బాగానే వాడతారు, తప్పేం కాదు. పరీక్షల్లో, దరఖాస్తుల్లో మాత్రం లెంట్ రాయండి. ఎవరూ వేలెత్తి చూపరు.

## 7. పైసల మాట వచ్చినప్పుడు

బ్యాంకు ఫారాల్లో మాటలు ముందే తెలిసి ఉంటే సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణకదు. లెండర్ అంటే ఇచ్చేవాళ్లు, అంటే బ్యాంకు. బారోయర్ అంటే తెచ్చుకునేవాళ్లు. కో-బారోయర్ మీతోపాటు తెచ్చుకునేవాళ్లు. గ్యారంటర్ అంటే జామీను. మీరు చుట్టం కోసం సంతకం పెట్టడానికి వెళ్లి, కో-బారోయర్ అని ఉన్నచోట పెడుతున్నారో, గ్యారంటర్ అని ఉన్నచోట పెడుతున్నారో చదువుకుని పెట్టండి.

మిత్తికి ఎట్ వాడతారు, ఫర్ కాదు: "హి బారోడ్ వన్ లాక్ ఎట్ నైన్ పర్సెంట్." బంగారం పెట్టి తెస్తే అగెనెస్ట్: "షి బారోడ్ అగెనెస్ట్ హర్ గోల్డ్." ఎందుకోసమో చెప్పడానికి ఫర్: "ఫర్ ద వెడ్డింగ్."

రెండు రూపాయల మిత్తి అన్నది ఇంగ్లీషులోకి నేరుగా పోదు. "టూ రుపీస్ ఇంట్రెస్ట్" అంటే బయటివాళ్లు మొత్తం మీద రెండు రూపాయలే అనుకుంటారు. మన లెక్కలో అది నూటికి నెలకు రెండు. కాబట్టి "టూ పర్సెంట్ ఎ మంత్" అనండి. సంవత్సరానికి చెప్పాలంటే 24 శాతం. బ్యాంకు చెప్పే 9 శాతం ఏడాదికి, షావుకారు చెప్పే 2 నెలకు. ఇంగ్లీషు సంగతి అటుంచి, ఈ లెక్క తెలియక మోసపోయేవాళ్లు కూడా ఉన్నారు.

బాకీ ఉన్నాను అనడానికి వేరే క్రియ ఉంది: ఓ. "ఐ ఓ హిమ్ ఫైవ్ హండ్రెడ్ రుపీస్." తెచ్చుకున్న రోజు పని బారో, ఆ తర్వాత తీరేదాకా ఉండే స్థితి ఓ. "ఐ యామ్ ఓయింగ్" అనకండి, ఐఎన్‌జీ అక్కర్లేదు.

## 8. తిరిగి ఇచ్చేటప్పుడు

"ఐ విల్ రిటర్న్ బ్యాక్" మన దగ్గర ప్రతి ఆఫీసులో వినిపిస్తుంది. రిటర్న్‌లోనే తిరిగి అన్న అర్థం ఉంది, బ్యాక్ అనవసరం. వస్తువైతే "రిటర్న్" లేదా "గివ్ బ్యాక్". డబ్బైతే "పే బ్యాక్" లేదా "రీపే".

"ఐ విల్ రిటర్న్ యు యువర్ బుక్" కూడా చెవికి గుచ్చుకుంటుంది. "ఐ విల్ రిటర్న్ యువర్ బుక్" చాలు. యు తప్పకుండా కావాలంటే "ఐ విల్ గివ్ యు బ్యాక్ యువర్ బుక్."

## 9. అప్పుతో పని లేని లెండ్

"లెండ్ మి ఎ హ్యాండ్" అంటే ఒక చెయ్యి వేయమని. మనం కూడా చెయ్యి వేయమనే అంటాం కాబట్టి కష్టం లేదు. "దిస్ ల్యాండ్ లెండ్స్ ఇట్‌సెల్ఫ్ టు స్వీట్ లైమ్" అంటే ఈ నేల బత్తాయికి అనుకూలమని. ఈ చోట్ల బారో రాదు. చర్చిలో వినే లెంట్‌కు (ఈస్టర్ ముందు ఉపవాస దినాలు) దీనితో సంబంధం లేదు. అది వసంతకాలం అనే పాత ఇంగ్లీషు మాట నుంచి వచ్చింది.

## 10. చేసి చూడండి

ఖాళీల్లో లెండ్, బారోల సరైన రూపమే కాదు, వేరే క్రియ కూడా రావచ్చు. జవాబులు కింద ఉన్నాయి, ముందే చూడకండి.

1. మహబూబ్‌నగర్ వెళ్లడానికి బావ నాకు తన కారు ఇచ్చాడు, రేపు తిరిగివ్వాలి. "మై బ్రదర్ ఇన్ లా ____ మి హిజ్ కార్."
2. మీ గొడుగు ఒకసారి తీసుకెళ్లనా? "కుడ్ ఐ ____ యువర్ అంబ్రెల్లా?"
3. పెండ్లికి టెంటు, కుర్చీలు కిరాయికి తెచ్చాం. "వి ____ ఎ టెంట్ అండ్ చెయిర్స్."
4. అక్క సంఘంలో పదివేలు తీసుకుంది. "మై సిస్టర్ ____ టెన్ థౌజండ్ ____ ద గ్రూప్."
5. ఎరువులు ఉద్దెరకు తెచ్చాం. "వి ____ ఫర్టిలైజర్ ____ ____."
6. ఆయనకు నేను ఇంకా వెయ్యి బాకీ. "ఐ స్టిల్ ____ హిమ్ ఎ థౌజండ్."

జవాబులు: 1. లెంట్. 2. బారో. 3. రెంటెడ్ లేదా హైర్డ్. 4. బారోడ్, ఫ్రమ్. 5. బాట్, ఆన్ క్రెడిట్. 6. ఓ.

నాలుగోదానిలో టుక్ రాసినా అర్ధ మార్కు ఇస్తాను. ఐదోదానిలో బారోడ్ రాస్తే మళ్లీ మొదటి భాగం చదవాల్సిందే.

ఇక పక్కింటి మామ దరఖాస్తు. ఇప్పుడైతే ఇలా రాసిచ్చేవాణ్ణి:

"సర్, ఐ బారోడ్ టూ లాక్ రుపీస్ ఫ్రమ్ యువర్ బ్యాంక్ టు రీప్లేస్ మై బోర్‌వెల్ మోటార్. మై స్వీట్ లైమ్ క్రాప్ ఫెయిల్డ్ దిస్ ఇయర్, అండ్ ఐ కెనాట్ పే ద నెక్స్ట్ ఇన్‌స్టాల్‌మెంట్ ఆన్ టైమ్. ప్లీజ్ గివ్ మి సిక్స్ మోర్ మంత్స్. ఐ విల్ రీపే ద ఫుల్ అమౌంట్ విత్ ఇంట్రెస్ట్."

కర్త ఐ. పైసలు మామ చేతిలోకి వచ్చాయి, కాబట్టి బారోడ్. పక్కన ఫ్రమ్. కట్టేది డబ్బు కాబట్టి రీపే, వెనక బ్యాక్ లేదు.